విజయనగరంలో ఒక సాయంకాల పత్రిక: లెక్కల పుస్తకాల్లో కనిపించిన వరస

విజయనగరంలో మూతపడిన ఒక సాయంకాల దినపత్రిక లెక్కలు చాలా ఏళ్ళు మా ఆఫీసులో ఉన్నాయి. యజమాని, సంపాదకుడు, ముద్రాపకుడు అన్నీ ఒక్కరే. ఒకప్పుడు బడిపంతులు కాబట్టి ఊరంతా ఆయన్ను మాస్టారనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. పత్రిక పేరూ తన పేరూ లేకుండా రాసుకోమని అనుమతి ఇచ్చారు. బాకీ పడ్డవాళ్ళ పేర్లు కూడా వద్దన్నారు. "వాళ్ళ పిల్లలు ఇదే ఊళ్ళో తిరుగుతున్నారు బాబూ" అన్నది ఆయన కారణం. అందువల్ల ఇందులో పేర్లు లేవు, రూపాయల మొత్తాలు లేవు. ఏ పద్దు ముందు తగ్గింది, ఏది తర్వాత తగ్గింది, ఎందుకు తగ్గింది అన్న వరస మాత్రం ఉంది.

చిన్న ఊళ్ళ పత్రికల గురించి ఎవరిని కదిపినా ఒకటే మాట: ఫోన్లు వచ్చాయి, జనం చదవడం మానేశారు. ఈ పత్రిక లెక్కల్లో ఆ మాటకు ఆధారం దొరకదు. మొదట పోయింది ప్రకటన. తర్వాత పోయింది వసూలు. ఆ తర్వాత విలేకరి. పాఠకుడు అందరికంటే చివర వెళ్ళాడు, అదీ పత్రికలో చదవడానికి పెద్దగా ఏమీ మిగలని తర్వాత. నేను పాత్రికేయుణ్ణి కాను, ఆడిటర్ని. వార్త బాగుందో లేదో తేల్చడం నా పని కాదు. డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోయిందో మాత్రం చెప్పగలను.

సాయంత్రం ఎందుకు

1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలు తీసి విజయనగరం జిల్లా ఏర్పాటు చేశారు. ఊరు జిల్లా కేంద్రం అయ్యేసరికి కలెక్టరేటు వచ్చింది, జిల్లా కోర్టు వచ్చింది, శాఖకో జిల్లా అధికారి వచ్చారు. ప్రతి ఆఫీసూ రెండు సరుకులు పుట్టిస్తుంది: వార్త, ప్రకటన. ఆ రెండిటినీ నమ్ముకునే మాస్టారు ఉద్యోగం వదిలి పత్రిక పెట్టారు.

ఉదయం పత్రికలతో పోటీ పడే ఆలోచన ఆయనకు ఎన్నడూ లేదు. ఉత్తరాంధ్ర పాఠకులు ఒకప్పుడు విజయవాడ నుంచి రైల్లో వచ్చే పత్రిక కోసం పొద్దెక్కేదాకా ఎదురుచూసేవారు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యాక తెల్లవారేసరికి గుమ్మంలో పేపరు పడటం అలవాటైంది. పొద్దుటి చోటు నిండిపోయింది, సాయంత్రం ఖాళీగా ఉంది. పురపాలక సంఘం సమావేశం ఉదయం పదకొండింటికి మొదలైతే అందులో ఎవరు ఎవరి మీద లేచారో సాయంత్రం నాలుగున్నరకు ఆర్టీసీ కాంప్లెక్సులో అమ్ముడుపోయేది. ఆఫీసు వదిలి నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి బస్సులెక్కే ఉద్యోగులు కొనేవారు. కోర్టు వాయిదాకు వచ్చి తిరిగి వెళ్ళే కక్షిదారులు కొనేవారు. ఇళ్ళకు చందా మీద వెళ్ళే ప్రతులు తక్కువ, చేతికి చేయి అమ్మకమే ఎక్కువ. ఈ సంగతి తర్వాత అవసరం పడుతుంది.

తొంభైల నాటి ప్రతి ఒకటి నా బల్ల మీద ఉంది. చిన్న సైజు, నాలుగు పేజీలు. మొదటి పేజీలో సగం మునిసిపాలిటీదే: ఏ వార్డులో కుళాయిలకు నీళ్ళు రావడం లేదు, పెద్ద చెరువు గట్టు మీద ఆక్రమణల దస్త్రం ఏ బల్ల మీద ఆగింది. రెండో పేజీలో గోగునార, వేరుశనగ, మామిడి ధరలు, పక్కనే మరునాటి కరెంటు కోత వేళలు. మూడో పేజీ అంతా చిన్న ప్రకటనలు. పదో తరగతి మార్కుల జాబితా సాలూరు బస్సులో పోయిందని ఒకరు. ఫలానా సర్వే నంబరు భూమిని మా కక్షిదారు కొంటున్నారు, అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో తెలపండి అని ఒక న్యాయవాది. బంధుమిత్రులు దీన్నే ఆహ్వానంగా భావించి పెద్దకర్మకు రావలసిందని ఒక కుటుంబం. నాలుగో పేజీ అడుగున ఊళ్ళోని సినిమా హాళ్ళ పట్టిక.

జనం కొన్నది మూడో పేజీ కోసమని మాస్టారు ఒప్పుకునేవారు కాదు. సంపాదకీయం కోసం కొంటారని ఆయన నమ్మకం. నాకైతే ఎప్పుడూ అనుమానం లేదు.

ప్రతుల అమ్మకం వల్ల వచ్చేది కాగితానికి, అమ్మేవాళ్ళ కమీషనుకు సరిపోయేది, అంతే. జీతాలు, సిరా, కరెంటు, అద్దె ప్రకటనల మీద నడిచేవి. ఇంకో పద్దు ఉంది, అది పత్రిక ఖాతాలో కనిపించదు. అదే గదిలో అదే యంత్రం మీద పెళ్ళి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు అచ్చయ్యేవి. ఉదయం పది దాకా జాబ్ వర్కు, ఆ తర్వాత పత్రిక. రెండు ఖాతాలనూ విడదీసి చూపించినప్పుడు మాస్టారికి కోపం వచ్చింది, ఎందుకంటే శుభలేఖల లాభం పత్రికను పోషిస్తోందని ఆ కాగితం మీద తేలింది. శుభలేఖలు శివకాశి నుంచి రంగురంగుల అట్టలతో తయారై వచ్చి, ఇక్కడ పేర్లు అచ్చు వేయడం వరకే పని మిగిలినప్పుడు, దుకాణాలు కంప్యూటర్ బిల్లులకు మారినప్పుడు దెబ్బ తగిలింది పత్రికకే. పాఠకులకు అది తెలిసే వీల్లేదు.

జిల్లా అనుబంధం, ఆ తర్వాత ఫ్లెక్సీ

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చింది, మిగతా పెద్ద పత్రికలూ ఆ దారి పట్టాయి. స్థానిక పత్రికల కథ అక్కడితో ముగిసిందని చాలామంది రాస్తారు. ఈ పత్రిక అమ్మకం మాత్రం అప్పుడు తగ్గలేదు. అవి పొద్దున్న వచ్చేవి, ఇది సాయంత్రం వచ్చేది. నష్టం జరిగింది ఇంకో చోట. బట్టల దుకాణాలకు, నగల దుకాణాలకు, కొత్తగా వస్తున్న ప్రైవేటు కాలేజీలకు తమ ఊరి వరకే చేరే పెద్ద పత్రిక పేజీ మొదటిసారి అందుబాటు ధరలో దొరికింది. పెద్ద ప్రకటనలు అటు వెళ్ళాయి. చిన్నవి మిగిలాయి. చిన్నవాటితో కూడా పత్రిక నడుస్తుంది, నడిచింది కూడా.

2000 తర్వాత వరసగా తగ్గిన పద్దుల్లో మొదటిది సినిమా, కేబుల్ టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు దాన్ని తీసుకున్నాయి. ఊరి వార్తలు చదివే కేబుల్ ఛానల్ సాయంత్రం ఏడింటికి వచ్చేది కాబట్టి వార్త విషయంలో మాస్టారు ఇంకా రెండున్నర గంటలు ముందే ఉన్నారు, ప్రకటన విషయంలో మాత్రం వెనకబడ్డారు.

అసలు దెబ్బ ఫ్లెక్సీ. ఈ మాట అంటే పాత్రికేయ మిత్రులు నవ్వుతారు. లెక్కలు చూపిస్తే నవ్వరు. పత్రికకు వచ్చే ప్రకటనల డబ్బులో సగానికి పైగా శుభాకాంక్షలే: నాయకుడి పుట్టినరోజు, సంఘానికి కొత్త అధ్యక్షుడి ఎన్నిక, ఉగాది, సంక్రాంతి, జనవరి 1. పావు పేజీలో నాయకుడి ఫోటో, కింద వరసగా అనుచరుల ఫోటోలు. ఫ్లెక్సీ ముద్రించే యంత్రాలు ఊళ్ళోకి రాగానే అదే డబ్బుకు కోట కూడలిలో వారం రోజులు నిలబడే నిలువెత్తు బొమ్మ దొరికింది. పావు పేజీలో గోళ్ళంత ఫోటో పడే అనుచరుడు ఫ్లెక్సీలో నాయకుడి భుజం పక్కన నిలబడ్డాడు. మాస్టారు దీన్ని నాకంటే బాగా చెప్పారు: "పేపర్లో వేస్తే ఓటరు చూస్తాడు. ఫ్లెక్సీ కడితే నాయకుడు కారులోంచి చూస్తాడు. వీళ్ళకు కావలసింది నాయకుడు చూడటమే."

ఈ మార్పు స్మార్ట్‌ఫోను కంటే ముందు జరిగింది. మా దగ్గరున్న ఖాతాల్లో శుభాకాంక్షల పద్దు సగానికి పడిపోయిన ఏడాదికి ఊళ్ళో వాట్సాప్ పేరు తెలిసినవాళ్ళు లేరు.

ఫ్లెక్సీ తీసుకోలేనిది ఒక్కటే, సిరిమాను సంచిక. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ఆ వారం నాలుగు పేజీల పత్రిక పన్నెండు, పదహారు పేజీలయ్యేది. ఉత్సవం రోజు మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా నేల కనిపించదు, చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు, సంచిక కొని ఇంటికి పట్టుకెళతారు. ఏడాది పొడవునా వచ్చిన నష్టంలో చాలా భాగాన్ని ఆ ఒక్క సంచిక పూడ్చేది. పూడ్చేది అంటే, పుస్తకాల్లో. చేతికి డబ్బు రావడం వేరే కథ.

బాకీల పుస్తకం

ఎర్ర అట్ట వేసిన పొడుగాటి పుస్తకం. ఎడమ పక్క ప్రకటన ఇచ్చినవారు, తేదీ, ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు, బిల్లు ఎంత. కుడి పక్క వసూలు. ఆ కుడి పక్క గళ్ళలో అంకెల కంటే పెన్సిలు రాతలే ఎక్కువ: 'రేపు', 'సోమవారం', 'పండగ తర్వాత', 'బిల్లు పాసయ్యాక', 'ఎన్నికలయ్యాక', 'ఊళ్ళో లేరు'. ఒక పేరు ఎదురుగా 'పండగ తర్వాత' అన్న మాట మూడు వేర్వేరు సంవత్సరాల్లో కనిపిస్తుంది. ఏ పండగో రాసి లేదు.

ప్రకటన ఇచ్చినవాళ్ళు మోసగాళ్ళు కారు. నలుగురూ ఎరిగిన మనుషులే. పత్రిక బిల్లును కరెంటు బిల్లులా కట్టి తీరవలసినదిగా ఊళ్ళో ఎవరూ చూడలేదు. వడ్డీ పడదు, ఫ్యూజు పీకరు. పైగా మాస్టారు గట్టిగా అడిగితే, అడిగిన మరుసటి వారం ఆయన రాసిన వార్తకు ఉద్దేశాలు అంటగడతారు. ఊరి పత్రికకు ఇదొక ప్రత్యేకమైన చిక్కు: మీ బాకీదారే మీ వార్త. ఒక వార్డు సభ్యుడి బాకీ పెండింగులో ఉండగా అతని వార్డులో మురుగు కాలువ గురించి రాస్తే అది వార్తా, వసూలా? మాస్టారు ఇలాంటి సందర్భాల్లో బాకీని వదిలి వార్త రాసేవారు. పత్రికకు గౌరవం మిగిలింది, నా పుస్తకంలో రానిబాకీ మిగిలింది.

చట్టం వైపు నుంచి చూస్తే సంగతి ఇంకా మొండిగా ఉంటుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇలాంటి బాకీకి మూడేళ్ళలోగా దావా వేయాలి. ఆ లోపు బాకీదారు ఒప్పుకుంటూ సంతకం పెట్టి ఇస్తే గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్క. ఏటా మార్చిలో బాకీ ధ్రువీకరణ పత్రాలు తయారుచేసి ఇచ్చేవాణ్ణి, సంతకాలు తీసుకురమ్మని. చాలా పత్రాలు ఖాళీగానే తిరిగి వచ్చేవి. సంతకం అడగడమంటే ఎదుటివాణ్ణి అనుమానించడమని ఆయన లెక్క.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఈ అలవాటుకు ధర పడింది. పత్రికలో ప్రకటన స్థలం అమ్మకానికి 5 శాతం పన్ను. పన్ను బిల్లు వేసినప్పుడే పుడుతుంది, డబ్బు ముట్టిందా లేదా అన్నది దానికి అనవసరం. అంటే 'పండగ తర్వాత' బాపతు ప్రకటనలకు కూడా మాస్టారు తన జేబులోంచి పన్ను కట్టాలి. తర్వాత ఆ బాకీ మునిగిపోయినా కట్టిన పన్ను వెనక్కి రాదు. ఆదాయపు పన్నులో రానిబాకీని ఖర్చుగా రాసుకోవచ్చు, జీఎస్టీలో ఆ వెసులుబాటు లేదు. ఇంకో పక్క, పత్రిక ప్రతుల అమ్మకం మీద పన్ను లేదు కాబట్టి కాగితం కొన్నప్పుడు కట్టిన 5 శాతంలో ఆ మేరకు సర్దుబాటు దొరకదు. పెద్ద సంస్థలకు ఇవి చిల్లర సంగతులు. రోజువారీ గల్లాపెట్టె మీద బతికే పత్రికకు కావు.

చట్టపరమైన ప్రకటనలు ఎటు వెళ్ళాయి

స్థానిక పత్రికకు చట్టమే కొంత పని పెట్టింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఐదో ఆర్డరు ఇరవయ్యో రూలు ప్రకారం, ప్రతివాదికి సమను అందకపోతే, అతను చివరిసారి నివసించిన ప్రాంతంలో చలామణి అయ్యే దినపత్రికలో ప్రకటన వేయించవచ్చు. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షను కింద ప్రాథమిక నోటిఫికేషన్ ఆ ప్రాంతంలో చలామణి అయ్యే రెండు దినపత్రికల్లో రావాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. అప్పు కట్టనివారి ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకున్నప్పుడు ఇచ్చే నోటీసు కూడా రెండు ప్రముఖ పత్రికల్లో, ఒకటి స్థానిక భాషలో రావాలి.

ఈ నిబంధనల ఉద్దేశం సంబంధించిన మనిషికి తెలియాలని. ఆచరణలో ఉద్దేశం మారిపోయింది: రేపు కోర్టులో ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలని. న్యాయవాదులకు, బ్యాంకులకు పెద్ద పత్రికే భద్రం. బ్యాంకు ప్రకటనలు విశాఖపట్నంలోని ప్రాంతీయ కార్యాలయం నుంచి ఏజెన్సీ ద్వారా వెళతాయి, ఆ జాబితాలో ఊరి పత్రిక ఉండదు. భోగాపురం విమానాశ్రయానికి భూములు తీసుకుంటున్న కాలంలో ఆ చుట్టుపక్కల రైతులు సర్వే నంబర్ల కోసం పేపర్లు వెతికేవారు. మాస్టారు పెద్ద పత్రికల్లో వచ్చిన నంబర్లను తిరిగి వేశారు, వార్తగా, ఉచితంగా. ఆ రోజుల్లో కాంప్లెక్సులో ప్రతులు మిగలలేదు. ప్రకటన డబ్బు మాత్రం వేరే ఖాతాకు వెళ్ళింది.

పాఠకుడు ఉన్నాడు, చెల్లించేవాడు లేడు అన్నదానికి నా దగ్గరున్న రుజువుల్లో ఇది మొదటిది.

రీముల లెక్క

ప్రభుత్వ ప్రకటనలు దక్కాలంటే పత్రిక ఎన్ని ప్రతులు అచ్చు వేస్తుందో చూపాలి. కేంద్రం లెక్కలో 25 వేల ప్రతుల దాకా చిన్న పత్రిక, 75 వేల దాకా మధ్యతరహా, ఆపైన పెద్దది. 2016 నాటి విధానం ప్రకారం 45 వేలు దాటిన పత్రికలకు ప్రతుల లెక్క తేల్చే ఏబీసీ సంస్థ లేదా పత్రికల రిజిస్ట్రార్ కార్యాలయం తనిఖీ అవసరం, లోపు ఉన్నవాటికి ఆడిటర్ ధ్రువీకరణ చాలు. చిన్న పత్రికల సర్క్యులేషన్ అంకెలు ఎంత లావుగా ఉంటాయో ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

నా పద్ధతి ఒకటే, కాగితం బిల్లులు చూడటం. డబుల్ డెమ్మీ షీటు 23 అంగుళాలకు 36 అంగుళాలు. చిన్న సైజు నాలుగు పేజీల పత్రికకు అందులో సగం చాలు. రీముకు 500 షీట్లు, అంటే వెయ్యి ప్రతులు. 45 గ్రాముల న్యూస్‌ప్రింటు అయితే రీము బరువు దాదాపు 12 కిలోలు. రోజుకు పదివేల ప్రతులు అని రాసుకుంటే రోజుకు 10 రీములు, 120 కిలోలు కాగితం దిగాలి. నెలకు మూడు టన్నులు పైమాట. అంత కాగితం కొన్న బిల్లు, దించుకున్న గోదాము, నడిచిన యంత్రానికి కరెంటు బిల్లు మూడూ ఉంటే పదివేలు నిజం. ఒక్కటి లేకపోయినా కాదు.

మాస్టారి బిల్లులకూ ప్రతులకూ పొత్తు కుదిరేది, ఎందుకంటే ఆయన ఉన్నదే రాసేవారు. ఆయన చూపిన అంకె కంటే అనేక రెట్లు పెద్ద అంకెలు చూపిన కొన్ని పత్రికలు, బజారులో ఎవరి చేతిలోనూ కనిపించనివి, ప్రకటనల జాబితాలో ఆయన కంటే పైన ఉండేవి. వాటిని ఫైలు కాపీలంటారు. ప్రకటన పడిన రోజు ఆఫీసులకు చూపించడానికి కొన్ని ప్రతులు అచ్చవుతాయి, మిగతా అంతా కాగితాల మీద చలామణి. స్థానిక పత్రికలకు ఇచ్చే ప్రభుత్వ డబ్బు అసలైన స్థానిక పత్రికలకు ఎందుకు చేరలేదని వెతికేవాళ్ళు ముందుగా న్యూస్‌ప్రింటు బిల్లులు అడగాలి.

2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గ్రామ, వార్డు వలంటీర్లకు దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తూ ఉత్తర్వు ఇచ్చింది. విస్తృత చలామణి ఉన్న పత్రికల కోసం రాసిన ఉత్తర్వు అది. ఊరి సాయంకాల పత్రిక దాని పరిధిలోకి రానేలేదు.

విలేకరి

ప్రకటన తగ్గి, వసూలు ఆగాక, కోత పడవలసింది జీతాల మీద. కోయడానికి అక్కడ జీతాలు ఎక్కడున్నాయి? పత్రికల ఉద్యోగుల జీతాల కోసం వేసిన మజీఠియా వేతన సంఘం సిఫార్సులను 2011 నవంబరులో కేంద్రం నోటిఫై చేసింది, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ మాట మండల విలేకరి దాకా రాలేదు. పెద్ద పత్రికల్లో కూడా మండల స్థాయి విలేకరికి జీతం ఉండదు. అచ్చయిన వార్త కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ ఉంటుంది, తెచ్చిన ప్రకటనల మీద కమీషను ఉంటుంది. మాస్టారి దగ్గర లైన్ అకౌంట్ కూడా ఆగిపోయి కమీషను మాత్రం మిగిలింది.

కమీషను మీద బతికే విలేకరి ఏ వార్త రాస్తాడో ఊహించడానికి ఆడిటర్ అక్కరలేదు. ఖాతాల్లో అది ఇలా కనిపించింది: బొబ్బిలి విలేకరి తెచ్చిన ప్రకటనలు పెరిగిన ఏడాది, బొబ్బిలి నుంచి వచ్చిన వార్తల కొలత తగ్గింది. ప్రభుత్వం విలేకరులకు ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు ఉంటే బస్సులో రాయితీ, ఆరోగ్య పథకం. అందుకే కార్డు కోసం చేరినవాళ్ళు ఉన్నారు. వార్త రాయడం వచ్చిన ఇద్దరు ముగ్గురు పెద్ద పత్రికలకో, ప్రైవేటు బడిలో తెలుగు చెప్పడానికో వెళ్ళిపోయారు. కోర్టు వార్తలు చూసే ఆయన మానేశాక ఆ శీర్షికే ఎత్తేశారు. ధరల పట్టిక ఎవరూ తేక ఆగింది. కరెంటు కోతల జాబితా కొంతకాలం నడిచి పోయింది. మునిసిపాలిటీ సమావేశాలకు మాస్టారే వెళ్ళేవారు, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేకపోయేదాకా.

అమ్మకం అప్పటికి తగ్గడం మొదలైంది. గమనించండి, అప్పటికి. ప్రకటనల పతనానికీ అమ్మకం పతనానికీ మధ్య చాలా ఏళ్ళ ఎడం ఉంది.

చివరి రెండేళ్ళు

2020 మార్చి 22 నుంచి మే 21 దాకా ఆర్టీసీ బస్సులు నడవలేదు. కాంప్లెక్సు లేకపోతే ఈ పత్రికకు బజారు లేదు. చందా ప్రతుల బలం ఉన్న పత్రికలు ఆ రెండు నెలలు పేజీలు తగ్గించుకుని నిలబడ్డాయి, పెద్దవాటి జిల్లా అనుబంధాలు కూడా ప్రధాన పత్రికలో కలిసిపోయాయి. ఇక్కడ అచ్చే ఆగింది. మాస్టారి మనవడు పేజీలను పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మొదలుపెట్టాడు. అది కొత్త ఊళ్ళకు పాకింది. గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల వేటకు వెళ్ళిన తీర గ్రామాల వాళ్ళు, హైదరాబాదులో కట్టడాల పనికి వెళ్ళినవాళ్ళు చదివారు. ఒక సాయంత్రం ఆలస్యమైతే ఫోన్లు వచ్చేవి. అచ్చు ప్రతి ఎన్నడూ చేరనంత మందికి ఆ రోజుల్లో పత్రిక చేరింది. ఆ నెలల్లో ఆదాయం పద్దు దాదాపు సున్న. యూట్యూబ్ ఛానల్ కూడా పెట్టారు, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

బస్సులు తిరిగాయి కానీ రద్దీ తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది. అప్పుడు నేను ఇచ్చిన సలహా రోజు విడిచి రోజు అచ్చు వేయమని. దానికి లెక్క ఉంది. అప్పటికి అమల్లో ఉన్న 1867 నాటి పత్రికల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, పత్రిక పెట్టేటప్పుడు ఇచ్చిన డిక్లరేషన్‌లో చెప్పిన సంచికల్లో ఏ మూడు నెలల్లోనైనా సగం కంటే తక్కువ వస్తే డిక్లరేషన్ చెల్లదు. సగం కంటే ఒకటి రెండు ఎక్కువ వేస్తూ దినపత్రిక హోదా నిలుపుకోవచ్చు. అలా కొంతకాలం నడిచింది.

2022 రెండు వైపుల నుంచి వచ్చి పడింది. న్యూస్‌ప్రింటు ధర అంతకు ముందు ఏడాదే పెరగడం మొదలై, ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో ఇంకా ఎగబాకింది. మన దేశం వాడే న్యూస్‌ప్రింటులో చాలా భాగం దిగుమతి. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. రాజాం విజయనగరానికి వచ్చింది, పార్వతీపురం, సాలూరు, కురుపాం మన్యం జిల్లాకు వెళ్ళాయి. కలెక్టరేటు పని మీద విజయనగరం బస్సెక్కే అవసరం ఆ వైపు వాళ్ళకు తగ్గింది. జిల్లా ఏర్పడినందువల్ల పుట్టిన పత్రిక జిల్లా చీలాక ఆ ఏడాది చివరి దాకా నడిచి ఆగింది.

మూత లెక్కలు వేసేటప్పుడు ఎర్ర పుస్తకంలోని బాకీల్లో మూడేళ్ళు దాటినవాటిని కొట్టేశాను. మిగిలినవి పుస్తకంలో కొద్ది పేజీలే. ఆఫ్‌సెట్ యంత్రం విశాఖపట్నంలో పాత యంత్రాల వ్యాపారికి వెళ్ళింది. మనవడు ఇప్పుడు ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాడు, సంపాదన బాగానే ఉంది. బైండు చేసిన సంపుటాలు మాస్టారి ఇంట్లోనే ఉన్నాయి. అప్పుడప్పుడు న్యాయవాదులు వస్తారు, పాత భూమి దావాలో ఫలానా తేదీన ప్రకటన పడినట్టు రుజువు కావాలని. ప్రతి ఇచ్చి డబ్బు తీసుకోమని చెప్పాను. కాఫీ కూడా ఆయనే ఇచ్చి పంపిస్తున్నారు.

మాస్టారి దగ్గర పనిచేసిన ఇద్దరు మాజీ విలేకరులు పక్షపత్రిక పెడతామని ఈ మధ్య నా దగ్గరకు వచ్చారు. 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది, టైటిల్, రిజిస్ట్రేషన్ రెండూ ఒకే ఆన్‌లైన్ దరఖాస్తుతో అయిపోతాయి. ఆ పని తేలికే. నేను పెట్టిన షరతు ప్రకటనల గురించి: డబ్బు ముందు, అచ్చు తర్వాత, నాయకుడైనా బంధువైనా. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని సరేనన్నారు. ఇప్పుడు ఐదు వందల ప్రతులు అచ్చు వేస్తున్నారు, పీడీఎఫ్‌కు చందా పెట్టారు. నగరపాలక సంస్థ సమావేశం ఎజెండా మొత్తం వేస్తున్నారు, పోయిన మార్కుల జాబితాలు, పెద్దకర్మలు మళ్ళీ వస్తున్నాయి. శుభాకాంక్షల ప్రకటనలు ఇప్పటిదాకా ఒక్కటీ పడలేదు. ముందు డబ్బు అనగానే వెనక్కి వెళ్ళారట. మొదటి ఏడాది ఖాతాలు మార్చి ముగిశాక చూడాలి.